రిజిస్టరులో అందరూ ఉన్నారు

(కార్తిక మాస వనసమారాధన సందర్భంగా రామతీర్థంలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను సర్వీసు అనుభవాలు చెప్పమన్నారు. డి.ఎ. బకాయిల గురించి, పెన్షన్ గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. అందుచేత నేను సర్వీసులో చేరకముందు జరిగిన, నా సర్వీసు రిజిస్టరులో ఎక్కడా ఎక్కని ఒక పది నెలల సంగతి మనవి చేస్తాను. యాభై ఏళ్ళుగా ఇంట్లో వాళ్ళకు కూడా పూర్తిగా చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఈమధ్యనే వచ్చింది.

మా పెద్దబ్బాయి ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డాడు. వాడి కొడుకు అక్కడే పుట్టి పెరిగాడు. ఈ ఏడు పన్నెండో తరగతి పూర్తి చేస్తున్నాడు. యూనివర్సిటీలో చేరడం ఒక ఏడాది వాయిదా వేసుకొని, ఇంగ్లండులో ఒక బోర్డింగ్ స్కూల్లో పని చేస్తానంటున్నాడు. దీన్ని వాళ్ళు గ్యాప్ ఇయర్ అంటారు. అక్కడి కుర్రాళ్ళలో ఇది మామూలేనట. ఉండటానికి గది, తిండి, చేతి ఖర్చుకు కొంత ఇస్తారు. పిల్లల్ని ఆటస్థలానికి తీసుకువెళ్ళడం, సాయంత్రం చదువు దగ్గర కూర్చోవడం, రాత్రి దీపాలు ఆర్పించి పడుకోబెట్టడం వీళ్ళ పని. ఇది కొత్త సంగతి కూడా కాదు. అలెక్ డిక్సన్ అనే ఆయన, ఆయన భార్య కలిసి 1958లో బ్రిటన్‌లో స్థాపించిన వి.ఎస్.ఓ. సంస్థ, మొదటి ఏళ్ళలో బడి ముగించిన పద్దెనిమిదేళ్ళ పిల్లల్నే విదేశాలకు సేవకు పంపింది.

మావాడికి ఇది నచ్చలేదు. "నాన్నా, మీ మాట వింటాడు. ఏడాది పాడు చేసుకోవద్దని మీరు చెప్పండి" అని ఫోన్ చేశాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ ఏడాది నేనూ పాడు చేసుకున్నవాడినే.

నేను 1972లో విజయనగరం మహారాజా కళాశాలలో బి.ఎ. ముగించాను. ఆ ఏడాది చివరికి జై ఆంధ్ర ఉద్యమం ముదిరింది. కాలేజీలు మూతబడ్డాయి. మన ఎన్.జి.వో.లు సమ్మెలో ఉన్నారు. ఆ రోజులు ఇక్కడున్న పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఉద్యోగాల మాట ఎత్తేవాడే లేడు. మా నాయన నెల్లిమర్ల జూటు మిల్లు కార్మికుడు. ఇంట్లో నేను ఖాళీగా కూర్చుని తినడం ఆయనకంటే నాకే ఎక్కువ బాధగా ఉండేది.

మా మేనమామ భూటాన్‌లో దంతక్ ప్రాజెక్టులో గుమాస్తా. మన సరిహద్దు రోడ్ల సంస్థ వారు ఆ దేశానికి రోడ్లు వెయ్యడానికి 1961లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. ఆయన ఉత్తరం రాశారు: ఇక్కడొక హాస్టలు బడిలో స్టోరు, లెక్కలు చూసే మనిషి కావాలి, తాత్కాలికం, నెలకు 180 రూపాయలు, భోజనం అక్కడే, వస్తావా అని. మా అమ్మ "అంత దూరం ఏటి సేత్తావురా, గెంజి తాగైనా ఇక్కడే ఉందుము" అంది. నేను బయల్దేరాను.

హౌరా మెయిలులో కలకత్తా, అక్కడి నుంచి ఉత్తర బెంగాలులో హాసిమారా స్టేషను, ఆపైన జైగావ్. అక్కడ వీధిలో ఒక గేటు దాటితే ఫుంత్షోలింగ్, అంటే భూటాన్. పాస్‌పోర్టు అక్కరలేదు, పర్మిట్ చాలు. డబ్బు మార్చుకునే పనీ లేదు. వాళ్ళ ఙుల్‌ట్రమ్ నాణెం 1974లో గాని రాలేదు, అప్పటిదాకా మన రూపాయే చెల్లేది. ఆ దేశపు రాజుకు అప్పటికి పదిహేడేళ్ళు. అంతకు ముందు ఏడాది తండ్రి పోతే గద్దె ఎక్కాడు. మా బడిలో పెద్ద పిల్లల వయసు.

బడి పేరు చెప్పను. పశ్చిమ భూటాన్‌లో, చెట్ల మధ్య కొండవాలు మీద ఉండేది. 1961లో వాళ్ళ మొదటి పంచవర్ష ప్రణాళిక మన దేశపు సొమ్ముతో మొదలయ్యాక ఇటువంటి బడులు పెరిగాయి. ఊళ్ళు కొండకొకటిగా విసిరేసినట్టు ఉంటాయి కనుక రోజూ ఇంటి నుంచి వచ్చి చదువుకోవడం కుదరదు. కొందరు పిల్లలు రెండు రోజులు నడిచి వచ్చేవారు. మార్చిలో వస్తే డిసెంబరులో చలి సెలవులకే ఇంటి ముఖం చూడటం. చదువు ఇంగ్లీషులో. పెద్ద పిల్లలకు కొంచెం హిందీ వచ్చు, నాకూ అంతే వచ్చు. భోజనం ఎర్ర బియ్యపు అన్నం, జున్నులో ఉడికించిన మిరపకాయల కూర. మిరపకాయను నంచుకోవడం మనకు తెలుసు, కూరగా తినడం అక్కడే చూశాను.

నాకు అప్పగించిన స్టోరు చిందరవందరగా ఉండేది. నెల తిరక్కుండా అన్నీ రిజిస్టర్లలోకి ఎక్కించాను. బియ్యం, ఉప్పు, కిరసనాయిలు, దుప్పట్లు, ఆఖరికి కొవ్వొత్తి ముక్కలు కూడా. హెడ్మాస్టరు గారు మెచ్చుకున్నారు. ఆ మెప్పు తలకెక్కింది. పిల్లలు ఇళ్ళ నుంచి తెచ్చుకున్న తినుబండారాల వల్ల గదుల్లో ఎలుకలు చేరుతున్నాయని, అవన్నీ స్టోరులో జమ చెయ్యాలని, ఆదివారం నాడు కొలిచి ఇస్తానని రూలు పెట్టాను.

రెండో తరగతి కుర్రాడొకడు, తొమ్మిదేళ్ళుంటాయి, తన సంచి ఇవ్వలేదు. వాళ్ళ అమ్మ వేయించి ఇచ్చిన బియ్యం అందులో ఉంది. దాన్ని వాళ్ళు జావ్ అంటారు. మన జావ వేరు, అది వేరు. గట్టిగా నమిలే వస్తువు. వాడు రోజుకు నాలుగు గింజలు మాత్రమే తినేవాడని తరవాత తెలిసింది. నేను సంచి లాక్కొని, తూచి, పేరు రాసి, బీరువాలో పెట్టాను. వాడు ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

ఆ రాత్రి హాజరు తీశాను. తల ఎత్తకుండా నంబర్లు పిలవడం నా పద్ధతి. వాడి నంబరుకూ "ప్రెజెంట్" అని జవాబు వచ్చింది. టిక్కు పెట్టాను. 62 మందికి 62. పదకొండు గంటలకు పెద్ద కుర్రాడొకడు నన్ను లేపి, పక్క ఖాళీగా ఉందని చెప్పాడు. వాడి బదులు స్నేహితుడెవరో పలికాడు.

వంటవాళ్ళు, మేష్టర్లు, నేను దివిటీలు పట్టుకొని బయల్దేరాం. ఆ దారిలో ఒక పక్క లోయ. పేరు పెట్టి అరుస్తున్నాను గాని, మిత్రులారా, వాడి పేరు నాకు సరిగ్గా నోరు తిరగలేదు. మూడు నెలల నుంచీ నంబరుతోనే పిలిచాను. తెల్లవారుజామున, గంటన్నర నడక దూరంలో దారి పక్కనున్న స్తూపం గోడకు ఆనుకొని ముడుచుకుని నిద్రపోతున్నాడు. వాళ్ళు దాన్ని చోర్టెన్ అంటారు. చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. వంటమనిషి తన పైబట్ట కప్పి వీపున వేసుకుని తెచ్చాడు.

హెడ్మాస్టరు గారు నన్ను తిట్టలేదు. హాజరు పుస్తకం తెప్పించుకుని చూసి, "రిజిస్టరు సరిగ్గానే ఉంది" అని తిరిగి ఇచ్చేశారు. అంతకంటే పెద్ద మెమో నా సర్వీసులో నేను అందుకోలేదు.

సంచి వాడికి ఇచ్చేశాను. రూలు ఎత్తేశాను. ఎలుకలకు బోను తెప్పించాం. ఆ రోజు నుంచి రాత్రి హాజరు కూర్చుని కాక, పక్కల మధ్య నడుస్తూ, ఒక్కొక్కరి ముఖం చూసి, పేరు పెట్టి పిలిచి వేసేవాణ్ణి. తరవాత కాసేపు కథ చెప్పేవాణ్ణి. మన రామతీర్థం వాడికి వచ్చిన కథ ఒకటే కదా, రాముడి కథ. విలువిద్య వాళ్ళ జాతీయ క్రీడ. కోదండం ఎంత బరువు, బాణం ఎంత దూరం పోతుంది అని ఒకటే ప్రశ్నలు. నాకు తెలిసింది తక్కువ, చెప్పింది ఎక్కువ.

ఒక రాత్రి ఆ కుర్రాడే, పెద్దవాడొకడి హిందీ సాయంతో, "మీ ఊళ్ళో చోర్టెన్ ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. మరి ఏముందన్నాడు. రాముడి కోవెల, కొండలు, గురుభక్తుల కొండ మీద పాత ఇటుకల గుండ్రని దిబ్బలు, వరసగా చిన్న చిన్న గదుల పునాదులు ఉన్నాయన్నాను. చిన్నప్పుడు ఆ ఇటుకల మీద ఎక్కి గెంతేవాళ్ళం. వాడు నవ్వి, "అదే చోర్టెన్" అన్నాడు.

ఇరవై రెండేళ్ళొచ్చినా మా ఊరి కొండ మీద ఉన్నదేమిటో నాకు తెలియదు. డిసెంబరులో తిరిగి వచ్చిన మర్నాడే కొండ ఎక్కాను. స్తూపం, చైత్యాలు, విహారాలు. ఆ వరస గదులు బౌద్ధ భిక్షువులు ఉండి చదువుకున్నవి. ఇల్లు విడిచి వచ్చినవాళ్ళు ఒకచోట ఉండి తిని చదువుకున్న చోటు. అంటే మన ఊరి మొదటి హాస్టలు అదేనండీ.

తరవాత కథ మీకు తెలిసిందే. ఉద్యోగం వచ్చింది. 1979లో మన జిల్లా ఏర్పడ్డాక చాలా ఏళ్ళు సంక్షేమ హాస్టళ్ళ బిల్లుల సీటులోనే ఉన్నాను. ఆ ఫైళ్ళలో ఎప్పుడూ అందరూ హాజరే. తనిఖీకి అధికారుల వెంట వెళ్ళినప్పుడల్లా, పిల్లల్ని భోజనానికి కూర్చోబెట్టి ముఖాలు లెక్కపెట్టాకే పుస్తకం తెరిచేవాణ్ణి. దీనివల్ల కొందరికి కోపం వచ్చింది, నాకు రెండుసార్లు సీటు మారింది. అది వేరే సంగతి.

మావాడికి చివరికి ఈ కథంతా ఫోనులో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "మీరు ఎప్పుడూ చెప్పలేదేం నాన్నా" అన్నాడు. సిగ్గుపడి చెప్పలేదురా అన్నాను. మనవడికి మాత్రం రెండు ముక్కలు చెప్పాను. ఒకటి, పిల్లల పేర్లు మొదటి వారంలోనే నేర్చుకో. రెండు, వాళ్ళ అమ్మలు కట్టి ఇచ్చిన పొట్లం జోలికి పోకు. "సరే తాతా" అన్నాడు. వాడు జనవరిలో ఇంగ్లండు వెళుతున్నాడు.

ఆఖరుగా సంఘానికి ఒక మనవి. ఒక ఏడాది ఆగి, మరొకరి పిల్లల మధ్య పని చెయ్యడానికి పద్దెనిమిదేళ్ళే ఉండనక్కరలేదు. మనకిప్పుడు అన్నీ గ్యాప్ ఇయర్లే. 1971లో సర్వేలులో మొదలైన గురుకులాల పద్ధతి రాష్ట్రమంతా పెరిగింది, సంక్షేమ హాస్టళ్ళు మన మండలాలన్నింటా ఉన్నాయి. అధికారుల అనుమతి తీసుకుని, వారానికి ఒక సాయంత్రం, ఇద్దరేసి చొప్పున మనం దగ్గరి హాస్టలుకు వెళదాం. తనిఖీకి కాదు. లెక్కలు వచ్చినవారు లెక్కలు, ఉత్తరం రాయడం వచ్చినవారు ఉత్తరం నేర్పవచ్చు. ఏమీ రానివారు, నాబోటి వారు, కథ చెప్పవచ్చు. ఇష్టపడినవారు భోజనాల తరవాత ఈ కాగితం మీద పేరు రాయండి. మొదటి పేరు నాది రాశాను.