బాప్తిస్టు సంఘముల కట్టుబాటు



పరమతప్రసంగము మన కులసభలో నేలయని కొందఱు శంకింపవచ్చును. మంచి కట్టుబాటు ఎచ్చటనున్నను తెలిసికొనుట దోషము గాదు.

బాప్తిస్టులు శిశువులకు బాప్తిస్మమీయరు. వివేకము గలిగి, తన విశ్వాసమును తన నోటనే ప్రకటించినవానిని మాత్రమే నీట ముంచి చేర్చుకొందురు. తల్లిదండ్రుల భక్తి బిడ్డకు సంక్రమింపదని వీరి సిద్ధాంతము. మతవిషయమున అంతరాత్మపై రాజునకైనను అధికారము లేదని 1612లో గ్రంథము ప్రకటించిన థామస్ హెల్విస్ చెఱసాల పాలయ్యెను.

సిద్ధాంతరీత్యా ప్రతి స్థానికసంఘమును స్వతంత్రము. కాపరిని, పరిచారకులను సభ్యులే యెన్నుకొందురు. క్రొత్తవారిని చేర్చుకొనుటయు, ఆదాయవ్యయములు విచారించుటయు సభ్యుల సమావేశముననే జరుగును. పై సమాఖ్యలు సాయపడునుగాని శాసింపవు.

ఒంగోలు సంఘము 1867 జనవరి 1న ఎనమండ్రతో నేర్పడెను. 1876-78 కఱవులో క్లౌ దొర బకింగుహాము కాలువ త్రవ్వకమున బీదలకుఁ బని చూపెను. అన్నమునకై చేరిరను మాట రాకుండ అప్పుడు బాప్తిస్మములు నిలిపివేసెను. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కనాఁడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

మన సభ్యత్వమో, జన్మతోడనే లభించుచున్నది. నేను గ్రామశాఖకుఁ గార్యదర్శిగా నున్న రెండేండ్లలో లెక్కలు చూపుమని యొక్కరును అడుగలేదు. అది నాపై గౌరవమని మురిసితిని. ఉపేక్షయని నేఁడు తోఁచుచున్నది.

జన్మచే వచ్చితిమి, సమ్మతిచే సభ్యులము కావలెను. రేపు లెక్కలు చదువువేళ లేచిపోవలదని నా ప్రార్థన.