చర్మానికి తగిలే లోహపు రేకు

నొప్పులకు ఇంట్లో వాడే విద్యుత్ పరికరాల్లో ముందుగా చూడవలసింది ఒంటికి తగిలే ఎలక్ట్రోడ్‌ను. జెల్ ఉన్న మెత్తటి ప్యాడ్ కరెంటును సమంగా పరుస్తుంది. వట్టి లోహపు రేకు కింద అలా కాదు. అంచుల దగ్గర కరెంటు పోగుపడి చర్మం కాలుతుంది. జెల్ ఎండిపోయిన ప్యాడ్‌తోనూ ఇదే ముప్పు.

డైరెక్ట్ కరెంటు మరీ ప్రమాదం. చెమటలోని నీరు, ఉప్పు విద్యుద్విశ్లేషణ చెంది రుణధ్రువం కింద క్షారం, ధనధ్రువం కింద ఆమ్లం పుడతాయి. వేడి తెలియకుండానే పుండు పడుతుంది. గంజాం జిల్లా హుమ్మ ఉప్పు మడుల్లో దిగి పనిచేసేవారికి ఇది బాగా తెలియాలి: పాదాలు పగిలినచోట చర్మం కరెంటును అడ్డుకోలేదు. చక్కెర వ్యాధితో స్పర్శ తగ్గితే మంట కూడా తెలియదు.

ఒంట్లోని విషాన్ని లాగేస్తాయంటూ కాళ్లు పెట్టించే ఉప్పునీటి 'డిటాక్స్' తొట్టెల్లోనూ ఎలక్ట్రోడ్లు ఉంటాయి. వాటిలో నీరు ఎర్రబడేది ఒంట్లోని విషం వల్ల కాదు. కాళ్లు పెట్టకపోయినా ఎర్రబడుతుంది. అది ఎలక్ట్రోడ్ ఇనుము తుప్పు. స్టెయిన్‌లెస్ స్టీలైతే నికెల్, క్రోమియం కూడా నీటిలో కలుస్తాయి. నికెల్ పడనివారికి దద్దుర్లు వస్తాయి.

పేస్‌మేకర్ ఉన్నవారు వైద్యుడు చెప్పనిదే ఇలాంటి విద్యుత్ పరికరాలు వాడకూడదు. ఎవరికైనా సరే, ఛాతీకి అడ్డంగా గానీ మెడ ముందువైపు గానీ ఎలక్ట్రోడ్లు పెట్టకూడదు.