ఇంగ్లీషు క్రియకు కాలాలెన్ని?



ఇంగ్లీషులో టెన్సులు పన్నెండని మనమంతా ఇక్కడే వల్లెవేశాం. ఆ పాఠం అన్నం పెట్టింది. కానీ భాషాశాస్త్రజ్ఞుల లెక్క వేరు. రాండల్ఫ్ క్వర్క్ బృందం 1985లోనూ, హడిల్‌స్టన్, పుల్లమ్ 2002లోనూ వెలువరించిన పెద్ద వ్యాకరణాలు ఇంగ్లీషులో భవిష్యత్ టెన్సు లేదనే అంటాయి. క్రియ తన రూపం మార్చుకొని చూపే కాలాలు రెండే: 'గో', 'వెంట్'.

మరి 'విల్' సంగతి? అది 'మే', 'కెన్', 'మస్ట్'ల వరసలోది. తలుపు చప్పుడు విని 'దట్ విల్ బి ద పోస్ట్‌మన్' అంటే అది రేపటి మాట కాదు, ఇప్పటి ఊహ. 'ద ట్రెయిన్ లీవ్స్ టుమారో' అన్నప్పుడు 'విల్' లేకుండానే రేపు వచ్చేసింది. మన తెలుగూ అంతే. 'రోజూ వస్తాడు', 'రేపు వస్తాడు': రూపం ఒకటే.

ఇంజనీరుగా నాకు బాగా పనికొచ్చింది హాన్స్ రైఖెన్‌బాక్ 1947లో చెప్పిన లెక్క. కాలరేఖ మీద మూడు బిందువులు పెట్టమన్నాడాయన: మాట్లాడే క్షణం, పని జరిగిన క్షణం, మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామో ఆ క్షణం. 'ఐ క్లోజ్డ్ ద వాల్వ్' అంటే గతంలో నిలబడి చూడటం. 'ఐ హావ్ క్లోజ్డ్ ద వాల్వ్' అంటే ఇప్పుడు నిలబడి వెనక్కి చూడటం. పని మాత్రం రెండింటిలోనూ అయిపోయిందే.

ప్లాంటులో షిఫ్టు మారేటప్పుడు ఈ తేడాకు ప్రాణం ఉంటుంది. 'రెండు గంటలకు క్లోజ్డ్' అన్నది చరిత్ర. ఆ తర్వాత ఎవరైనా తెరిచారో లేదో అది చెప్పదు. 'హావ్ క్లోజ్డ్' ఇంకా మూసే ఉందనిపిస్తుంది గానీ, పూచీ పడదు. తెలుగులో ఆలోచించే కుర్రాళ్లకు రెండూ 'మూశాను' అనే వినిపిస్తాయి. అందుకే లాగ్‌బుక్కులో 'ఇప్పుడు మూసి ఉంది, ఆరింటికి చూశాను' అని రాయమంటాను. అవతలి షిఫ్టువాడు పైపు విప్పేది ఆ ఒక్క వాక్యాన్ని నమ్మే.

ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. పన్నెండు పేర్లూ నేర్పండి, పరీక్షకు కావాలి. దానితోపాటు ప్రతి వాక్యానికీ 'నువ్వు ఎక్కడ నిలబడి చెబుతున్నావు?' అని పిల్లల్ని అడగండి. ఆ ప్రశ్న అలవాటైనవాడు ఏ భాషలో రాసినా, చదివినవాడు మోసపోడు.

సెలవు.