బావినీటి పాషాణము – వృద్ధుల ఆరోగ్యము
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



జీడిమెట్లలో ముదుసలివారిని కదిపినచో రెండూళ్ల కథ చెప్పుదురు. చెరువుక్రింద వరిమళ్లు, దిగుడుబావులు గల పల్లె ఒకటి. గత శతాబ్దపు చివరి పాతికేండ్లలో కర్మాగారముల పొగగొట్టములతో పెరిగిన పారిశ్రామికవాడ రెండవది. ఈ రెండింటను బ్రతికినవారు వారే. కనుక నీటిని గూర్చిన ప్రసంగము ప్రధానముగా వారికి చెందినది.

గౌరీపాషాణమను పేరు పాత వైద్యగ్రంథములు తిరుగవేసినవారికి క్రొత్త కాదు. పసుపువన్నె హరితాళము, ఎఱ్ఱని మనశ్శిల దీని గంధకయుక్త రూపములే. ఆధునికులు ఈ మూలపదార్థమునకు ఆర్సెనిక్ అని పేరిడిరి. పురాణములలోని హాలాహలము పరమశివుని కంఠమున నీలిమనైన చూపెను. నీట కరిగిన ఆర్సెనిక్కునకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ‘మా బావినీరు కొబ్బరినీరువలె తియ్యన’ యని చెప్పువాని మాట నిజమే కావచ్చును గాని, దానివలన ఋజువగునది ఏమియు లేదు.

పశ్చిమవంగదేశమునను, బంగ్లాదేశమునను ఈ విషము నదులు తెచ్చిన ఒండ్రులోనే సహజముగా నున్నది. కలకత్తా ఉష్ణమండల వైద్యవిద్యాలయమున డాక్టర్ కె.సి. సాహా 1983లో అక్కడి రోగులను గుర్తించిన తరువాతనే దేశమునకు ఈ సంగతి తెలిసినది. తెలంగాణమున కథ వేఱు. జీడిమెట్లకు పొరుగైన పటాన్‌చెరు, బొల్లారము, కాజిపల్లి ప్రాంతములలో మందుల, పురుగుమందుల, రసాయనముల కర్మాగారముల వ్యర్థములు నేలపైనను వాగులలోనను పడినవి. ఆ నీరు నక్కవాగుగుండా మంజీరను చేరును. 1990లో ఈ వ్యవహారము సుప్రీంకోర్టుకెక్కినది. 2001లో రాష్ట్ర హైకోర్టుకు బదిలీయైనది. పటాన్‌చెరులో వైద్యవృత్తి నెరపిన డాక్టర్ కిషన్‌రావు ఈ విషయమున చేసిన పోరాటము జగమెఱిగినది. 2003లో ప్రకటితమైన ఒక పరిశోధనలో అక్కడి నీరు, మన్ను, పశుగ్రాసము, పాలు, కూరలే గాక, నివాసుల రక్తము, మూత్రము, వెండ్రుకలు, గోళ్లు కూడ పరీక్షించి ఆర్సెనిక్ జాడ పట్టిరి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారమును అతికలుషిత ప్రాంతముల పట్టికలో చేర్చెను. ఒక బావి చెడినదని ప్రక్కబావియు చెడినట్లు కాదు, బాగున్నట్లును కాదు. ఈ నేలలో నీరు రాతిపగుళ్లవెంట నడచును. ఏ పగులు ఎచటికి పోవునో పైనుండి చెప్పనలవి కాదు.

శరీరమున దీని నడక తెలిసికొనదగినది. ఆర్సెనిక్ ఒంటిలో సీసమువలె ఏండ్లతరబడి నిలిచిపోవునని పలువురు తలతురు. అది పొరపాటు. కాలేయము దానిని మార్చును, మూత్రపిండములు వెడలగొట్టును. అధికభాగము కొలది దినములలో పోవును. గోళ్లలోను, వెండ్రుకలలోను మాత్రము జాడ కొన్ని మాసములుండును. అయినను ప్రతిదినము మరల త్రాగుచుండుటచే నష్టము కణములలో పోగగును. జమ వచ్చినట్లే వచ్చి ఖర్చగును. బకాయి మాత్రము పెరుగుచుండును. ఆ బకాయి వసూలుకు వచ్చునది వార్ధక్యముననే. ఆనాటికి మూత్రపిండములు సన్నగిల్లును, తిండి తగ్గును, ఆకుకూరలలోని ఫోలేట్ వంటి పోషకములు చాలవు; వానిలోటున కాలేయముచేయు మార్పు కుంటుపడును.

చిక్కంతయు ఇచటనే. దీని లక్షణములన్నియు ముసలితనపు లక్షణములవలె నుండును. అరచేతులు, అరికాళ్లు గరుకెక్కి బొడిపెలు లేచును. జీవితమంతయు నాగలి పట్టిన చేతులు గదా యని ఊరకుందురు. పనివలన కాయ పనిముట్టు రాచుకొన్నచోటనే కాయును; ఈ బొడిపెలు రాపిడి లేని తావులను కూడ లేచును, రెండు చేతులను సమానముగా లేచును. వీపున, ఱొమ్మున వానచినుకులు చిలికినట్లు నల్లని తెల్లని మచ్చలు వచ్చును, వయసు మచ్చలందురు. అరికాళ్ల మంట, తిమ్మిరి కలుగును. వాతమనియో, చక్కెరవ్యాధి అనియో అందురు. మూత్రమున రక్తము పడినచో ‘వేడిచేసినది’ అని సబ్జాగింజలు నానవేయుదురు. ఇది మాత్రము క్షమింపరానిది. ఆర్సెనిక్ మూత్రాశయమునకును, ఊపిరితిత్తులకును, చర్మమునకును పుండ్లమారి యైన క్యాన్సరును తెచ్చునని నిర్ధారితమైనది. చుట్ట, బీడీ కాల్చువానికి ఊపిరితిత్తుల ప్రమాదము మఱింత హెచ్చు. రక్తపుపోటు, హృద్రోగములతోను దీనికి చుట్టరికము కలదు.

చిలీదేశమున ఆంటోఫగాస్టా యను పట్టణము కలదు. 1958లో క్రొత్తనదినుండి నీరు తెచ్చిరి. అందు లీటరుకు సుమారు 860 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉండెను. 1970లో శుద్ధియంత్రము పెట్టి తగ్గించిరి. నీరు బాగుపడినను, ఊపిరితిత్తుల, మూత్రాశయపు క్యాన్సరు మరణములు దశాబ్దములు హెచ్చుగానే సాగినవి. భారత ప్రమాణము లీటరుకు 10 మైక్రోగ్రాములే. కావున ‘ఆ బావి పదియేండ్లక్రిందటనే మానితిమి’ అను వృద్ధుడును తాను వెనుక త్రాగిన నీటి సంగతి వైద్యునికి చెప్పవలసియే యున్నది. వైద్యుడు వయస్సడుగును, బీడీలడుగును. ఏ బావినీరు త్రాగితివని అడుగుట అరుదు. అడుగకున్నను చెప్పవలయును. మానుటవలన లాభము లేదని దీని తాత్పర్యము కాదు. మానిన దినమునుండి క్రొత్తబకాయి ఆగును. మూత్రమున ఆర్సెనిక్ త్వరలోనే తగ్గును.

కాచినచో విషము పోవునను నమ్మకము గట్టిది. కాచినచో సూక్ష్మజీవులు చచ్చును. నీరు ఆవిరియై తగ్గుటచే ఆర్సెనిక్ గాఢత పెరుగునే గాని తగ్గదు. బట్టలో వడకట్టుటయు నిష్ఫలము. ఇంటి శుద్ధియంత్రములలోను కొన్ని దీని ఒక రూపమును చక్కగ ఆపి, వేఱొక రూపమును వదలును; యంత్రమునుండి వచ్చిన నీటిని కూడ పరీక్షింపవలెను. త్రాగుటకే గాక అన్నము వండుటకును, పప్పు ఉడికించుటకును నమ్మకమైన కుళాయినీరే వాడవలెను. స్నానమునకు, బట్టలకు ఆ బోరునీరు వాడినచో భయము స్వల్పము. పాషాణము చేరిన నాటుమందులను వైద్యుని యెఱుకలేక మ్రింగరాదు.

పరీక్షకు పంపువారు బోరును కొంతసేపు తోడిపోసి, శుభ్రమైన ప్లాస్టికు సీసాలో నీరు పట్టవలెను. ఆర్సెనిక్ పరీక్ష యని ప్రత్యేకముగా అడుగవలెను. సామాన్యపరీక్షలో అది చేరకపోవచ్చును. సీసాపై బోరున్న తావు, లోతు, తేదీ వ్రాయవలెను. లోతు తెలియనిచో బోరు వేసిన సంవత్సరమైన వ్రాసిన చాలును.