గోధుమ మొలకలు, రెండు కుండలు, తునికాకు కట్ట

(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను హాస్టల్ వార్డెన్‌ని. బియ్యం లెక్క, గుడ్ల లెక్క, హాజరు రిజిస్టర్ అంటే గంటసేపైనా మాట్లాడగలను. ఇవాళ మాత్రం వేసవి సెలవుల్లో ఆడపిల్లలతో మేం నడుపుకునే సైన్స్ క్యాంపు గురించి చెప్పమన్నారు. బీఈడీలో నాది బయోసైన్స్. చాలా ఏళ్ళు ఆ సంగతి నాకే గుర్తు లేదు.

ముందు ఎందుకు మొదలుపెట్టానో చెప్తాను. ఏప్రిల్ చివర హాస్టల్‌కు తాళం వేస్తాం, మళ్ళీ జూన్‌లో తీస్తాం. కొన్నేళ్ళ కింద పదో తరగతి పరీక్షలు రాసిన ఒక పిల్ల ట్రంకుపెట్టె ఎత్తుకుని "పోయొస్త మేడం" అని పోయింది. లెక్కల్లో చురుకైన పిల్ల. జూన్‌లో మార్కుల మెమో కోసం వచ్చినప్పుడు మెడలో పుస్తె ఉంది. పదహారు నిండలేదు. "ఒక్క ఫోన్ చేయలేకపోయావా, గోడ మీద 1098 రాసి ఉంది కదనే" అన్నాను. "ఆ గోడ ఈడుంది మేడం, నేను తండాల ఉన్న" అంది. నంబరు రాయించింది నేనే. మరుసటి వేసవికి క్యాంపు పెట్టాం. అంటే సైన్స్ మీద ప్రేమతో కాదు, తాళం వేయడం ఇష్టం లేక. ప్రేమ తర్వాత వచ్చింది.

పది రోజులు, ముప్పైమంది పిల్లలు. ఘనపూర్ అంటే మనకు రెండున్నాయి, రైలు ఆగేది ఒకటి, కోటగుళ్ళు ఉన్నది ఒకటి. మా దగ్గరికి రెండు వైపుల నుంచీ వస్తారు, మహబూబాబాద్ తండాల నుంచీ వస్తారు. లంబాడీ పిల్లలు, కోయ పిల్లలు కలిసే ఉంటారు. ఎండకు పొద్దున, సాయంత్రం మాత్రమే పని.

మొదటి రోజు వెదురు బుట్టల్లో గోధుమలు వేయించాను. వెంటనే ఒక పిల్ల నాయనమ్మ ఫోన్ చేసి, "వేసవిల తీజ్ ఏంది, అపచారం కాదా?" అని అడిగింది. అమ్మా, ఇది తీజ్ కాదు, పాటలు లేవు, పూజ లేదు, గోధుమలు మాత్రమే ఉన్నాయని చెప్పుకున్నాను. ఒక బుట్ట ఎండలో, ఒకటి వరండా నీడలో, ఒకటి గదిలో చీకట్లో. చీకట్లోది అన్నిటికన్నా పొడవు పెరిగింది, కానీ పచ్చగా కాక లేతపసుపుగా ఉంది. వెలుతురు తగలకపోతే ఆకులో పచ్చదనం తయారు కాదు, మొలక వెలుతురు కోసం వెతుక్కుంటూ సన్నగా సాగిపోతుంది. పుస్తకంలో ఇది ఒక పేరా. మన పిల్లలు తీజ్‌లో తొమ్మిది రోజులు నీళ్ళు పోసిన చేతులతో చూశారు కాబట్టి పేరా అక్కర్లేకపోయింది. నాయనమ్మ తర్వాత మళ్ళీ ఫోన్ చేసి ఏ మట్టి వాడారని అడిగింది. పుట్టమన్ను కాదని తెలిసి కోప్పడింది.

రెండోది కుండలు. నైజీరియాలో మహమ్మద్ బా అబ్బా అని ఒక ఉపాధ్యాయుడు ఉండేవాడు, కుండలు చేసే కుటుంబం. కరెంటు లేని ఊళ్ళ కోసం 1990లలో పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక నింపి తడిపి, పైన తడి గుడ్డ కప్పాడు. ఇసుకలోని నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. మూడు రోజుల్లో పాడయ్యే వంకాయలు 27 రోజులు నిలిచాయి. దానికి 2000లో రోలెక్స్ అవార్డు వచ్చింది. నాకు నచ్చింది అవార్డు కాదు. కూరగాయలు నిలవ ఉండటంతో, రోజూ అమ్మడానికి తిరగాల్సిన ఆడపిల్లలు బడికి పోగలిగారట.

మా పిల్లలు వాగు ఇసుక తెచ్చి చేశారు. మొదటి కుండ చల్లబడలేదు. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది, అందంగా ఉందని రంగు వేసిన కుండ తెచ్చుకున్నారు. రంగు రంధ్రాలు మూసేస్తే కుండ చెమట పట్టదు. మామూలు కుండ పెట్టాక, మధ్యాహ్నం వరండాలో 41 డిగ్రీలు ఉంటే లోపల 29 వచ్చింది. వానలు పడి గాలిలో తేమ పెరిగితే ఇంత చల్లదనం రాదు, అది కూడా రాసుకోమన్నాను.

మూడోది భూపాలపల్లి వైపు పిల్లది. ఎనిమిదో తరగతి. వాళ్ళ అమ్మ తునికాకు సేకరిస్తుంది. కట్టకు 50 ఆకులు, వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా, అంటే 50,000 ఆకులు. అమ్మ రాత్రి దాకా లెక్కపెడుతుందని, ఈ పిల్ల 50 ఆకుల మందానికి సరిపోయే చెక్క గాడి ఒకటి చేసింది. లెక్కపెట్టకుండా గాడి నింపితే చాలని. ఒకసారి 47 వచ్చాయి, ఒకసారి 53. ఆకు లేతదా ముదురుదా, పొద్దుటిదా సాయంత్రానిదా అన్నదాన్ని బట్టి మందం మారుతుంది. ఏడ్చింది. అమ్మకు ఫోన్ చేసి చెప్తే ఆమె నవ్వింది. "లెక్క కష్టమని ఎవరన్నరు బిడ్డా? లెక్క నోటికొస్తది. కట్టుడే కష్టం, నార లాగి లాగి ఏళ్ళు కోస్తయి." అప్పుడు పిల్ల పాత సైకిల్ చువ్వలు వంచి, కట్టేటప్పుడు కట్టను అదిమి పట్టే చట్రం చేసింది. అది పని చేస్తోంది. వాళ్ళ అమ్మ మరో రెండు అడిగింది.

ఇదే దారిలో పోయినవాడు చింతకింది మల్లేశం. ఘనపూర్‌లో రైలెక్కితే జనగామ దాటాక ఆలేరు, ఆయన ఊరు శారాజీపేట అక్కడే. ఆరో తరగతితో చదువు ఆగింది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చేతిని దాదాపు 9,000 సార్లు ఆడించాలి. అమ్మ లక్ష్మి భుజం నొప్పి చూసి ఏళ్ళ తరబడి పాట్లు పడి 1999లో యంత్రం పూర్తి చేసి, దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అదే రైలు దారిలో ఇంకొంచెం పోతే భువనగిరి గుట్ట. మన లంబాడీ బిడ్డ మాలావత్ పూర్ణ బండలెక్కడం నేర్చింది అక్కడే. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, పద్నాలుగు నిండకుండా. మే నెల, చూడండి. మనం సెలవులంటామే, ఆ నెల.

ఇక ఆరో రోజు సంగతి. ఒక తండ్రి బండి మీద వచ్చాడు. "పిల్లను తోలండి మేడం, రేపు చూడనీకి వస్తున్నరు" అన్నాడు. ఆ పిల్ల కుండ దగ్గర థర్మామీటర్ పట్టుకుని ఉంది. "కూసో అన్నా, నీళ్ళు తాగు" అన్నాను. ఆయనకు కొంచెం టమాట తోట ఉంది. తాగి, కుండలో చెయ్యి పెట్టి చూసి, "ఇండ్ల టమాటలు ఎన్ని దినాలుంటయే?" అని బిడ్డనడిగాడు. "మూడు దినాలే అయింది బాపు. ఇంకో వారం చూడకుండ ఎట్ల చెప్పాలె?" అంది. నేను 2006 చట్టం కూడా చెప్పాను. పద్దెనిమిది నిండకుండా చేస్తే చేయించినవాళ్ళకు రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "వారం తర్వాత వస్త" అని ఒక్కడే పోయాడు. కుండ ఎంత పని చేసిందో, చట్టం ఎంత పని చేసిందో నేను చెప్పలేను. ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. సంబంధాలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఇక మీతో పని. చదువుకున్న చెల్లెళ్ళు ఒక్కొక్కరు ఒక్క రోజు రండి, మా పిల్లల పక్కన కూర్చోండి. ఆరో తరగతి నుంచి పిల్లల ఆలోచనలను స్కూలు ద్వారా ఇన్‌స్పైర్ మానక్‌కు పంపవచ్చు, ఎంపికైతే నమూనా చేసుకోవడానికి పది వేలు పిల్ల బ్యాంకు ఖాతాలో పడతాయి. ఆధార్‌లో ఒక పేరు, స్కూల్లో ఒక పేరు ఉంటే ఇబ్బంది. మన తండాల్లో ఆ తిప్పలు ఇంటింటికీ ఉన్నాయి. ఫోన్లు, మీసేవ తెలిసిన తమ్ముళ్ళు ఆ పేర్లు ఇప్పుడే సరి చేయించి పెట్టండి. మీ తండాలో పదహారేళ్ళ పిల్లకు నిశ్చితార్థం అని తెలిస్తే డీజే మాట్లాడటానికి కాదు, 1098కి చేయడానికి ఫోన్ తీయండి. పేరు చెప్పాల్సిన పని లేదు.

వెల్డింగ్ షాపుల్లో పనిచేసే తమ్ముళ్ళెవరైనా ఉంటే సమావేశం అయ్యాక నన్ను కలవండి. తునికాకు చట్రాలు ఇంకా పన్నెండు కావాలి. చువ్వలు మా దగ్గర ఉన్నాయి, వంచే చేతులే తక్కువ.