చంద్రవంక వెంబడి ఎత్తిపోతలకు

జలపాతమును చూడబోవువారు సాధారణముగా వానకారు ముగియుచుండగా బయలుదేరుదురు. అప్పుడు నీరు నిండుగా నుండును, నిజమే. కాని ఏటి ఒడలంతయు ఆ నీటి మాటున దాగియుండును. ఏరు ఏ రాతిని కోసినది, ఎచ్చట వంగినది, ఎచ్చట మడుగు కట్టినది తెలియగోరువారు వేసవిలోనే నడువవలెను.

పల్నాటి చంద్రవంక అట్టి నడకకు తగిన ఏరు. నల్లమల కొండలలో పుట్టి, మాచర్లను ఒరసికొని ఉత్తరముగా సాగి, ఎత్తిపోతల వద్ద సుమారు 70 అడుగుల క్రిందికి దూకి, కొద్ది దూరములోనే కృష్ణలో కలియును. పల్నాటి ఎండలనుగూర్చి శ్రోతలకు వేరుగ చెప్పనక్కరలేదు. రెంటచింతల పేరు ప్రతి వేసవియందును వార్తలలో వినుచునే యున్నారు. అందుచేత మేము వైశాఖమాసమున చుక్క పొడిచిన వేళకే బయలుదేరితిమి. త్రోవ చూపుటకు వచ్చిన గొల్లపెద్ద మా నీటి సీసాలను లెక్కపెట్టి, “ఏటిని నమ్ముకుని రాబాకండయ్యా, ఇంకో రెండు నింపుకోండి” అనెను. ఆ మాట విన్నందుకు మధ్యాహ్నమునకు సంతోషించితిమి.

ఏటిలో నాపరాళ్లు పుస్తకపు పుటలవలె ఒకదానిపై నొకటి పరచియుండును. పల్నాటి ఇండ్ల కప్పులకును, దొడ్ల గోడలకును ఈ రాయియే ఆధారము. శ్రీనాథుడు ఈ సీమను ఎగతాళి చేసెనని చెప్పు చాటువులో సైతము నాపరాళ్లకు చోటు దొరకినది. వాటిపై నడచినవారికి ఆ మహాకవి విసుగు కొంత అర్థమగును. గట్టున విరగబూసిన రేలచెట్లను ఆయన చూడలేదేమో! ఒక వంపులో గొల్లపెద్ద మోకాళ్లపై కూర్చుండి, తడి ఇసుకను చేతులతో తోడి చెలమ తీసెను. మొదట బురద, పిదప తేటనీరు ఊరెను. ఏరు ఎండినదనుట కంటె లోనికి పోయినదనుట న్యాయము.

ఎత్తిపోతలను సమీపించగానే చూపున కందకముందే హోరు వినవచ్చెను. ఎండిన ఏటికి ఇంత నీరెక్కడిది? “ఇది ఏటినీరు కాదయ్యా, సాగరం నీరు” అని గొల్లపెద్ద తేల్చివేసెను. 1967లో నాగార్జునసాగరము నుండి కాలువలకు నీరు వదలిన పిమ్మట ఈ ప్రాంతపు నీటినడక మారినది. కాలువల నుండి విడుచు నీటివలననే వేసవియందును యాత్రికులకు ఈ ధార కన్పట్టుచున్నది. “మా బావి అడుగంటింది. ఇది మాత్రం చూసేవోళ్ల కోసం దూకతానే ఉంది” అని ఆయన మరల అనెను. దూకిన నీరు వృథా కాదు. కృష్ణలో కలిసి పులిచింతలకు, అటుపై విజయవాడ బ్యారేజీకి చేరవలసినదే. ఈ సంగతి చెప్పితిమి. “చేరుద్ది. మా ఊరిమీదుగా పోదుగా” అనెను. దీనికి మావద్ద సమాధానము లేకపోయెను.

పేరునుగూర్చి రెండు వాదములు కలవు. యతులు తపము చేసిన తలము గనుక ఈ పేరని కొందరందురు. ఎత్తి పోసినట్లు నీరు పడుటచేత వచ్చినదే యని నాకు తోచును; ఏతము త్రొక్కిన రైతుకు ఆ మాట క్రొత్త కాదు. క్రింద దత్తాత్రేయుని ఆలయము కలదు. ఇచ్చట మొసళ్ల పెంపక కేంద్రము కూడ ఉన్నది గనుక, మడుగు ఎంత చల్లగా కన్పట్టినను అందు దిగరాదు. పిల్లలను చేయి పట్టుకొని నడిపింపవలెను. ధారను ఎదుటి గట్టున కట్టిన వేదిక నుండి చూచుటయే మేలు; తిరుగు ప్రయాణమునకు మాచర్ల రోడ్డు దగ్గరలోనే కలదు.