గ్రీకు కలశములు – వాని అనుకరణములు

1769 జూన్ 13వ తేదీన ఇంగ్లండులోని స్టాఫర్డుషైరున ఎట్రూరియా యను పేర నొక క్రొత్త కుండల కర్మాగారము ప్రారంభమయ్యెను. ఆనాడు యజమాని జోసయ్య వెడ్జివుడ్డు స్వయముగా సారెకడ కూర్చుండి కలశములు చేసెను. బాల్యమున మశూచికము వలన చెడిన కాలిని వైద్యులు అంతకు ముందటి యేటనే తొలగించిరి. కావున చక్రమును త్రిప్పు పని అతని భాగస్వామి టామస్ బెంట్లీ చేసెను. నల్లని ఆ కలశములపై ఎఱ్ఱని గ్రీకు మూర్తులను చిత్రించి, ఎట్రూరియా కళలు పునర్జన్మమెత్తుచున్నవని లాటిను భాషలో వ్రాయించిరి.

ఆ పేరే యొక పొరపాటు. ఇటలీ సమాధులలో దొరకిన ప్రాచీన పాత్రలు ఎట్రస్కను జాతివారి పనియని నాటివారు తలచిరి. వానిలో పెక్కు ఏథెన్సునుండి వచ్చినవనియు, మఱికొన్ని దక్షిణ ఇటలీలోని గ్రీకులు చేసినవనియు తరువాత తేలినది. నేపుల్సులో బ్రిటిషు రాయబారిగా నుండిన విలియం హామిల్టను సేకరించిన పాత్రల చిత్రగ్రంథములు వెడ్జివుడ్డునకు మాతృకలైనవి.

చూపునకు రెండును ఒకటే, పని వేఱు. వెడ్జివుడ్డు కలశమున మన్నే నలుపు, ఎఱ్ఱని బొమ్మ పైపూత. ఏథెన్సు పాత్రలో మన్ను ఎఱుపు. బొమ్మను వదలి చుట్టును నల్లని పూత పూసిరి. ఆ నలుపు వేఱొక రంగు కాదు. ఇనుముగల ఆ మంటినే నీట కలిపి తేర్చిన మిక్కిలి సన్నని బురద అది. ఆములో మొదట గాలి ఆడనిచ్చినచో పాత్ర ఎఱ్ఱబడును. పిమ్మట గాలిని మూసి పొగ నింపినచో అంతయు నల్లబడును. పూత కఱగి గాజువలె బిగియును. మరల గాలి విడిచినచో మన్ను ఎఱుపునకు తిరుగును. బిగిసిన పూతలోనికి గాలి చొరదు గాన అది నల్లగనే నిలుచును. ఈ మర్మమును 1942లో జర్మనీలో థియోడర్ షూమన్ ప్రకటించెను.

ఈ జ్ఞానము మోసమునుగూడ బయటపెట్టినది. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియము ఎట్రస్కను శిల్పములని కొన్న మూడు పెద్ద మట్టి ప్రతిమలు దశాబ్దములపాటు ఖ్యాతి గాంచినవి. వాని నల్లపూతను పరీక్షింపగా అందు మాంగనీసు కనబడెను. ప్రాచీనుల నలుపు ఇనుము వలన కలిగినది. 1961లో ఆల్ఫ్రెడో ఫియొరవాంతి తాను ఆ పనిలో పాల్గొంటినని ఒప్పుకొనెను. ఒక యోధునికి లేని బొటనవ్రేలు అతనియొద్దనే యుండెను; పెట్టి చూడగా సరిపోయెను.

వెడ్జివుడ్డు కలశముల మీదను, ఈ ప్రతిమల మీదను ఉన్నది అనుకరణమే. కాని వెడ్జివుడ్డు తన పాత్రలపై తనపేరును, బెంట్లీ పేరును ముద్రించి అమ్మెను. రెండవవారు తమ పేరు దాచి ప్రాచీనుల పేరును వాడుకొనిరి. పూర్వుల పనిని చూచి నేర్చుట దోషము కాదు. ఎవరు చేసిరో కొనువానికి చెప్పకుండుటయే దోషము. గ్రీకు నమూనా పాత్ర యెక్కడనైన మీ కంటబడినచో దానిని మెల్లగా త్రిప్పి అడుగు చూడుడు. చేసినవాని పేరున్నచో, నిస్సంకోచముగా మెచ్చుకొనుడు.